గోళ్లరంగు పోసిన రెండు మీటలు

ప్రొద్దుటూరులో కార్లకు టేపులు, స్పీకర్లు బిగించేవాళ్లలో నాదే మంచి చెయ్యి అని ఇప్పటికీ కొందరంటారు. ఆ చేత్తో నేను చేసిన పని ఒకటుంది. దాని నింద ఇన్నేళ్లుగా ఒక డ్రైవరు మోస్తున్నాడు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక నాయకుడి తమ్ముడు తన బండికి కొత్త సెట్టు పెట్టించుకున్నాడు. నేను పద్ధతిగానే మొదలుపెట్టాను. ఒకే తీరు హోరు రికార్డు చేసిన క్యాసెట్టు వేసి, శబ్దం కొలిచే మీటరును డ్రైవరు చెవి ఎత్తున పట్టుకుని, సన్నని, నడిమి, బొంగురు శబ్దాలను దేనికది పెంచి దించే ఈక్వలైజరులోని ఏడు మీటలనూ ఒక్కొక్కటే సరిచేశాను. ఖాళీ బండిలో పాట తేటగా పలికింది. మర్నాడు ఆయన తిరిగొచ్చి, పాట గొంగళి కప్పుకున్నట్టుందన్నాడు. నిజమే. ఆ బండి ఎప్పుడూ ఖాళీగా నడవదు. ఎనిమిది మంది ఇరుక్కుని కూర్చుంటారు. సన్నని శబ్దాలన్నీ వాళ్ల ఒళ్లూ బట్టలూ తాగేస్తాయి.

అందుకని ఎనిమిది మందినీ ఎక్కించి, అద్దాలు మూసి, మళ్లీ కొలిచాను. చెమట, గుట్కా, సీటు కింద గోనెపట్టలో చుట్టిన కత్తులకు పూసిన ఆముదం. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. ఎవరి చెయ్యి నరకాలో చెప్పుకుని వాళ్లు నవ్వుతుంటే, నేను మీటరు ముల్లు చూసుకుంటూ కూర్చున్నాను.

డ్రైవరు పులివెందుల మనిషి, నెమ్మదస్తుడు. అందరూ దిగాక నా దగ్గరకొచ్చాడు.

“అప్పా, ఎనకాల బండి హారన్ కొడితే నాకు ఇనపడల్యా. ఆ నడిమి మీటలు రెండు దించప్పా.”

వెనక బండి ఆగకుండా హారన్ కొడితే దాడి జరుగుతోందని, ముందు బండి వెనక్కి తిరగాలని వాళ్ల కట్టుబాటు. పాట పెట్టి, వెనక బండిలోంచి రెండుసార్లు హారన్ కొట్టించాను. డ్రైవరు తల తిప్పలేదు. మీటలు దించి మళ్లీ కొట్టించాను. ఈసారి తిప్పాడు.

ఆ తర్వాత నాయకుడి తమ్ముడు విన్నాడు. “పాట సచ్చిపోయిందేందప్పా? నా బండి వస్తాంటే వీధి చివర దాకా ఇనపడాల.”

హారన్ సంగతి నేను నోరెత్తి చెప్పలేదు. మీటలు పైకి తోశాను. సరిచేసిన స్క్రూ కదలకుండా దానిమీద గోళ్లరంగు చుక్క వేయడం మా పనిలో అలవాటు. డ్రైవరు మళ్లీ దించకుండా ఆ రెండు మీటల మీదా ఎర్రరంగు పోశాను.

వారం తిరక్కముందే, జమ్మలమడుగులో మీటింగు ముగించుకుని వస్తుంటే ఎదుటి పార్టీవాళ్లు వెనక బండిని అడ్డగించారు. అందులోవాళ్లు హారన్ మీద చెయ్యి తియ్యలేదట. ముందు బండి పాట వింటూ ప్రొద్దుటూరు దాకా వచ్చేసింది. బాంబు దెబ్బకు వెనక బండిలో ఒకాయనకు కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

మర్నాడు పొద్దున నాయకుడి ఇంటి ముందర పంచాయితీ పెట్టారు. డ్రైవరు ఎదుటి పార్టీకి అమ్ముడుపోయాడన్నారు. అతను వినపడలేదన్నాడు, మీటలు చూడమన్నాడు. అదే బండిలో వచ్చినవాళ్లలో తనకూ వినపడలేదన్నవాడు ఒక్కడూ లేడు. నన్ను పిలిపించారు. ఆ బండిలో హారన్ వినపడుతుందా లేదా అని తమ్ముడు అడిగాడు. తలుపు తీసి ఉన్న బండిలో ఎర్రచుక్కలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

“బాగా ఇనపడతాదన్నా. మీటరు పెట్టి చూసినా” అన్నాను.

అతన్ని నా కళ్లముందే చెప్పులతో కొట్టారు. వాళ్లిచ్చిన టీ నేను చివరి గుక్కదాకా తాగాను.

మొన్న పులివెందుల బస్టాండులో ఆటో ఎక్కబోతే, నడిపేది అతనే. జుట్టు నెరిసింది. క్షమించమన్నాను.

“నాకెందుకప్పా చెప్తాండావు? ఆ చెయ్యి పోయినాయన ఈరోజుకీ నేను ఎదురైతే ఉమ్మేస్తాడు. పోయి ఆయనకు చెప్పు.”

ఆయన ఉండే జమ్మలమడుగు వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. ఏ మీట ఎంత పైకి తోశానో, రంగు ఎందుకు పోశానో, పంచాయితీలో ఏమన్నానో అంతా చెప్పాను. ఆయన ముద్ద పళ్లెంలో వదిలేశాడు.

“ఇన్నేండ్లు వాని మీద ఉమ్మేస్తి గదరా” అన్నాడు. “ఆటో యాడ నిలుపుతాడు వాడు?” అని అడిగాడు.

చెప్పాను. చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, పులివెందుల బస్సు ఎక్కడానికి బస్టాండు వైపు నడిచాడు. నా మొహం చూడలేదు, వెంట రమ్మనలేదు.