మాణిక్యం చెప్పిన సాక్ష్యం

లండనులో చదువుతున్న మా అన్నయ్య తనతో చదివే జర్మను పిల్లను పెళ్లాడాడని ఏలూరులో మాకు మొదట చెప్పినవారు వ్యాపారం మీద లండను వెళ్లొచ్చిన అత్తరు వ్యాపారి మస్తాను గారు. అప్పట్లో మనదీ ఇంగ్లీషువాళ్ల ఏలుబడే కనుక, ఆ పెళ్లి చెల్లితేనే ఆమెకు ఇంగ్లీషు పాస్‌పోర్టు వస్తుంది. అన్నయ్యకు ఇక్కడ భార్య ఉంటే చెల్లదు. అది విచారించడానికి ఇన్‌స్పెక్టరు గారు మా ఇంటికి వచ్చారు.

కైకలూరు మావయ్య అడ్డుపడ్డాడు. "భార్య ఉందండీ. మా అమ్మాయి మాణిక్యమే. పుట్టినప్పుడే అనుకున్నాం. ఆ దొరసానిని ఏ గంగలోనైనా దూకమనండి."

తలుపు చాటున నేను దేవుణ్ణి తలుచుకుంటున్నాను. మాణిక్యం నన్ను దాటుకుని మగవాళ్ల ముందుకు వెళ్లింది.

"అనుకోవడమేనండీ, పెళ్లి జరగలేదు. నా మెడ చూడండి, తాళి లేదు."

మావయ్య అందరి ముందూ ఆమె చెంప పగలగొట్టాడు. ఇన్‌స్పెక్టరు గారు మాత్రం ఆమె మాటే రాసుకున్నారు.

మా వదిన ఈ గడప తొక్కిందంటే మాణిక్యం చలవే. నోరున్న పిల్ల అని ఆమెను తరువాత ఎవరూ చేసుకోలేదు. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.