రిమార్కుల గడిలో ఒంటి రీడింగు

నీళ్లక్కకు ఒళ్లు మండడానికి ఆ ఉత్తర్వులో మొదటి మూడు మాటలు చాలు. "ఉద్యోగిని క్షేమం దృష్ట్యా" అని మొదలుపెట్టి, పందొమ్మిదేళ్లుగా వీధులు తిరిగి నీటి మీటర్లు చదివిన మనిషిని రికార్డు గదిలో కుర్చీకి అంటగట్టారు. ఎవరి క్షేమమో ఆ మనిషిని అడిగినవాడు లేడు. చక్కెర జబ్బుకు నడక సగం మందని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం అదే ఫైలులో ఉంది. దాన్ని తిరగేసినవాడూ లేడు.

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఆమె వంతుకు వచ్చిన పదకొండు వీధుల్లో చంటిపిల్లల నుంచి పండు ముసలివాళ్ల దాకా అందరికీ ఆమె నీళ్లక్కే. ఇనుప కొక్కెంతో మీటరు గుంట మూత లేపాలి, మోకాళ్ల మీద వంగి తడిగుడ్డతో మీటరు అద్దం తుడవాలి, అంకె చదివి పుస్తకంలో ఎక్కించాలి, మూత వేసి బూటుతో ఒక్క తన్ను తన్ని పక్క గుమ్మానికి నడవాలి. రోజుకు నూట ముప్పై మీటర్లు, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల నడక.

ఆరేళ్ల కిందట జబ్బు బయటపడినప్పుడు డాక్టరమ్మ చెప్పింది కొద్ది మాటలే. "పొద్దున సూది మానకు, నడక మానకు. ఎప్పుడైనా చెమట పట్టి కాళ్లు వణికితే ఎక్కడున్నా సరే కూర్చో. చక్కెర బిళ్లలు నములు. పావుగంట ఆగి మళ్లీ చూసుకో. బాగుంటేనే లే." నీళ్లక్క ఆ మాటను పొల్లుపోకుండా పాటించింది. చట్టం చేసినవాళ్లే చట్టాన్ని అంత శ్రద్ధగా పాటించి ఉంటే దేశాలు వేరుగా ఉండేవి.

అయితే ఆమె ఒక పొరపాటు చేసింది. మీటర్లు చదివే మనిషి తప్ప మరొకరు చేయలేని పొరపాటది. వేలు గుచ్చి చూసుకున్న చక్కెర అంకెలు రాసుకోవడానికి కొన్న చిన్న నోటుపుస్తకం మొదటి నెలలోనే గుంటలో పడి నానిపోయింది. ఎప్పుడూ చేతిలో ఉండేది, తడవని అట్ట ఉన్నది ఆఫీసు రీడింగు పుస్తకం ఒక్కటే. అందులో ప్రతి ఇంటికీ గత రీడింగు, నేటి రీడింగు, తేడా, చివర రిమార్కులు అని గడులుంటాయి. ఇంటికి తాళం ఉంటే రిమార్కుల గడిలో "తా" అని, కుక్క ఉంటే "కు" అని, మూత బిగుసుకుపోతే "మూ" అని రాస్తారు. నీళ్లక్క తన కోసం "ఒం" అని మరొకటి చేర్చుకుంది. అంటే ఒంటి రీడింగు. పక్కన సమయం, అంకె. సూపర్‌వైజరు ప్రతి శనివారం ప్రతి పుట కిందా "సరిచూశాను" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టేవాడు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ "ఒం" ఏమిటని అడగలేదు. సరిచూడనివాడికి ఏ అక్షరమైనా ఒకటే.

ఆ శుక్రవారం ఆమె లిఫ్టు లేని, ఏ అంతస్తు మీటర్లు ఆ అంతస్తులోనే ఉన్న నాలుగంతస్తుల భవనంలో ఉంది. రెండో అంతస్తు మలుపులో చెమటలు పట్టాయి. వేలు గుచ్చి చూస్తే చక్కెర అరవై రెండుకు పడిపోయింది. అక్కడే మెట్టు మీద కూలబడి, నాలుగు బిళ్లలు నమిలి, గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. మూడో అంతస్తు పెద్దమనిషి పైనుంచి దిగుతూ ఫోను తీసి ఫోటో కొట్టాడు. ఆమె కాళ్లను దాటుకుని వెళ్లిపోయాడు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడగడానికి పైసా ఖర్చు లేదు. అడగలేదు. సోమవారం ఆఫీసుకు ఫిర్యాదు పంపాడు: డ్యూటీలో నిద్ర.

ఆఫీసు తడుముకోకుండా రెండు అభియోగాలు తయారు చేసింది. ఒకటి, పనివేళల్లో నిద్రపోవడం. రెండు, పుస్తకాలు తెప్పించి చూసినప్పుడు దొరికినది, ఆఫీసు రికార్డులో సొంత రాతలు రాయడం. విచారణ ముగిసేదాకా కుర్చీ. క్షేమం దృష్ట్యా.

ఆరో వారంలో సూపర్‌వైజరు రికార్డు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అదృష్టవంతురాలివక్కా. ఎండ లేదు, కుక్కల్లేవు. ఫ్యాను కింద కూర్చుని జీతం."

"ఆ అదృష్టమేదో నువ్వే తీసుకో తమ్ముడూ. నా బూట్లు కూడా ఇస్తా."

"నీ బూట్లు నాకెక్కడ పడతాయిలే."

"మరి నీ కుర్చీ నాకెట్లా పడుతుందనుకున్నారు?"

అతను గొంతు తగ్గించాడు. "క్షమాపణ కాగితం ఒకటి రాసిచ్చెయ్ అక్కా. నిద్రపోయాను, తప్పయిపోయింది అని రెండు ముక్కలు. కేసు మూసేస్తారు, ఈ సీటు పర్మనెంటు. ఎదురుతిరిగావనుకో, ఉన్నదీ పోతుంది."

ఆ సాయంత్రం ఇంట్లో ఆడపడుచు రోజూలాగే చేతి అద్దం పట్టుకుని వదిన అరికాళ్లు చూసింది. చక్కెర ఉన్నవాళ్ల కాలికి దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి ఆరేళ్లుగా ఆ ఇంట్లో అదొక నియమం. ఆడపడుచుది వీధి చివర ఇస్త్రీ దుకాణం. చూపు సూదిమొన, మాట కాలిన ఇస్త్రీపెట్టె.

"నీ కాళ్లు చూసీ చూసీ నా మొహమే మర్చిపోయాను వదినా. ఏంటిలా మెత్తబడ్డాయి? ఆఫీసర్ల పాదాల్లా ఉన్నాయి."

"పొద్దున పరగడుపున నూట తొంభై ఒకటి," అంది నీళ్లక్క. "వీధుల్లో ఉన్నప్పుడు నూట ఇరవై దాటేది కాదు. డాక్టరమ్మ సూది మోతాదు పద్నాలుగు యూనిట్ల నించి ఇరవైకి పెంచింది."

"కూర్చోబెట్టి జబ్బు పెంచి, జబ్బుందని కూర్చోబెట్టామంటారన్నమాట."

"కాగితం రాసిస్తే కేసు మూసేస్తారంట."

ఆడపడుచు అద్దం కింద పెట్టింది. "రాసివ్వు. రేపట్నించి నీ పాదాలు నువ్వే చూసుకో."

నీళ్లక్క రాసివ్వలేదు.

విచారణ అధికారి గదిలో బల్ల మీద రీడింగు పుస్తకం, పక్కన ఫోటో ఉన్నాయి. సూపర్‌వైజరు గోడవార నిలబడ్డాడు. అధికారి మర్యాదస్థుడే. మెత్తని కత్తి.

"చూడమ్మా, నీ మంచికే చెబుతున్నాం. ఈ వయసులో, ఈ జబ్బుతో మెట్లెక్కడం ఎందుకు?"

"నా మంచి సంగతి తర్వాత చూద్దామండి. రెండో అభియోగం నేను ఒప్పుకుంటున్నా. ఆ పుస్తకంలో నా రాతలున్నాయి. తప్పే, రాసుకోండి."

అధికారి ఆశ్చర్యంగా తలెత్తాడు. "మొదటిది?"

"రాతలున్నాయని మీరే అన్నారు కదా. ఏం రాశానో చదవండి. ఆ శుక్రవారం పుట."

అతను పేజీలు తిప్పాడు. "ఒం. పది నలభై రెండు. అరవై రెండు." ఆగాడు. "ఒం. పది యాభై ఎనిమిది. తొంభై ఆరు."

"నిద్రపోయే మనిషి వేలు గుచ్చుకుని, టైము చూసుకుని, లెక్క రాసుకుంటుందా అండి? ఆ తర్వాత పై రెండంతస్తుల రీడింగులూ ఉన్నాయి, చూడండి."

"ఇది నువ్వు తర్వాత రాసి ఉండొచ్చుగా?"

"కింద సంతకం తేదీ చూడండి. శనివారం. ఫిర్యాదు వచ్చింది సోమవారం. నా మీద ఫిర్యాదు పుట్టకముందే ఆఫీసు ఈ అంకెల్ని సరిచూసింది."

అధికారి సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "మీరు చూసే సంతకం పెట్టారా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చూశానంటే, ఆమె జబ్బు గురించీ జాగ్రత్త గురించీ ఆరేళ్లుగా ఆఫీసుకు తెలుసు. చూడలేదంటే, ఆరేళ్ల శనివారాలన్నీ దొంగ సంతకాలు. "చూశానండి," అన్నాడు సూపర్‌వైజరు.

"బిల్లు ఎక్కువొచ్చిందని జనం వస్తే మనమేమంటామండి?" అంది నీళ్లక్క. "నోటిమాట వద్దు, పుస్తకంలో అంకె చూపించు అంటాం. ఒక ఫోటో చూసి నన్ను కుర్చీలో పడేశారు. నేను అంకె చూపిస్తున్నా. ఇంకో అంకె కూడా ఉంది. ఇక్కడ కూర్చోబెట్టాక నూట తొంభై ఒకటి. ఇది మీరు రాసింది."

వారానికి ఉత్తర్వు వచ్చింది. "మానవతా దృక్పథంతో, దయతలచి, తిరిగి వీధి విధులకు అనుమతించడమైనది." సూపర్‌వైజరు నవ్వుతూ పెన్ను అందించాడు. "ముట్టినట్టు సంతకం పెట్టక్కా. గెలిచావు."

నీళ్లక్క రెండుసార్లు చదివి కాగితం వెనక్కి తోసింది. "దయ అన్నారు. దయ ఇచ్చినవాడు రేపు వెనక్కి తీసుకుంటాడు. అభియోగం రుజువు కాలేదని రాయమను."

"ఒక్క మాట కోసం ఇంకా ఇక్కడే కూర్చుంటావా?"

"ఒక్క మాటతోనే కూర్చోబెట్టారు."

కూర్చుంది. ఆ మాట రావడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు "మొదటి అభియోగం రుజువు కానందున" అన్న కాగితం వచ్చింది. రెండోదానికి మందలింపు వేశారు. న్యాయమే, ఆమె సంతకం పెట్టింది.

వీధిలోకి వచ్చిన మొదటి వారంలోనే అదే భవనం, అదే మెట్ల మలుపు. డాక్టరమ్మ సూదిని కొద్దికొద్దిగా దించుతోంది కానీ, కుర్చీ పెంచిన మోతాదు ఇంకా పూర్తిగా దిగలేదు. వేలు గుచ్చితే అరవై ఆరు. కూర్చుని బిళ్లలు నమిలింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. పైనుంచి మూడో అంతస్తు పెద్దమనిషి దిగుతూ వచ్చి రెండు మెట్ల పైన ఆగిపోయాడు.

"పావుగంట పడుతుందండి," అంది నీళ్లక్క, కాళ్లు ముడుచుకోకుండా. "ఆగితే ఆగండి, దాటితే దాటండి. కిందటిసారి దాటారుగా."

ఆయన గోడవారగా నిలబడి పావుగంటా ఆగాడు.

రాతలకు ఇప్పుడు ఆమెకు వేరే పుస్తకం ఉంది. ఆడపడుచు ప్లాస్టిక్ కాగితంతో అట్ట వేసి, మెడలో వేలాడేలా తాడు కట్టి ఇచ్చింది. శనివారం నీళ్లక్క ఆఫీసు పుస్తకంతో పాటు దాన్నీ సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది.

"ఇది సొంత పుస్తకం కదక్కా. దీనికి నా సంతకమెందుకు?"

"రేపు ఇంకో ఫోటో వస్తే నాకు తేదీ కావాలి. చదువు."

అతను చదివాడు. ఈసారి ప్రతి పంక్తి కింద వేలు పెట్టి చదివాడు. "ఈ అరవై ఆరు..."

"చదివావు కదా?"

"చదివా."

"అయితే పెట్టు."