గుడ్డ తెచ్చుకున్నవాళ్లకే మిషను

2022 ఎండాకాలం. ప్రొద్దుటూరులో పాత సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే పనిలో అప్పటికే నాకు బాగా చెయ్యి తిరిగింది. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది, ఆ తర్వాత ఫోను పట్టుకుంది. ఎవరింట్లోనైనా ఫ్రిజ్జో మంచమో అమ్మాలంటే నేను వెళ్లి, తుడిచి, ఫోటోలు తీసి, వివరాలు రాసి యాప్‌లో పెడతాను. దాన్నే లిస్టింగ్ అంటాం. అది పావు వంతు పని. మిగతాదంతా కొంటామని ఫోను చేసేవాళ్లతో వేగడం.

మా వీధిలో రవికలు కుట్టే రమీజా అక్కకు జమ్మలమడుగులో, చెల్లెలి ఇంటి పక్కనే అంగడికి ఒక గది దొరికింది. ఆదివారంలోపు అడ్వాన్సు ఇవ్వకపోతే గది ఇంకొకరికి పోతుంది. అడ్వాన్సు కోసం తనకున్న రెండు పవర్ మిషన్లలో ఒకటి అమ్మాలి. పవర్ మిషను అంటే బల్లకు బిగించి, మోటారుతో నడిపే కుట్టు మిషను.

నేను లిస్టింగ్ పెట్టిన మొదటిరోజే ఎర్రగుంట్ల నుంచి ఒకాయన ఫోను చేసి, "అది నాదే మామా, ఎవురికీ ఇయ్యాకు" అన్నాడు. ఆ మాట నమ్మి అక్క, మైలవరం నుంచి ఇంటిదాకా వచ్చిన బేరాన్ని తిప్పి పంపింది. అప్పటినుంచి ఎర్రగుంట్ల ఆయన రోజూ దారిలోనే ఉన్నాడు.

"యాడుండావు మామా?"

"రైలుగేటు కాడ. గేటేసినారు."

"నిన్న గూడా అదే చెప్తివి. ఆ రైలు ఆడే కాపురం పెట్టిందా ఏంది?"

ఫోను పెట్టేశాడు. తక్కినవాళ్లు "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని అడిగి మాయమయ్యేవాళ్లు. ఎంత చెప్పినా మాయమయ్యేవాళ్లే.

గురువారం నేను లిస్టింగ్ మార్చాను. ధర కింద ఒక వాక్యం చేర్చాను: "మీరు కుట్టే గుడ్డ తెచ్చుకొని, కుట్టి చూసుకొని, మిషను తీసుకుపోండి." అంతే, ఫోన్లు ఆగిపోయాయి.

అక్క నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. "మిషను అమ్మిపెట్టప్పా అంటే పరీక్ష పెట్టినావే."

"పరీక్షలంటే నాకూ పడదక్కా. అందుకే రాసే తట్టు కాకుండా పెట్టే తట్టు నిలబడినా."

ఆమె నవ్వలేదు. చేతిలో రెండు రోజులే ఉన్నాయి.

శుక్రవారం పులివెందుల నుంచి ఓబులమ్మ అనే ఆమె ఫోను చేసింది. ట్రాక్టరు సీటు కవర్లు కుడుతుందట. ధర ఊసే ఎత్తలేదు. "రెగ్జిను రెండు మడతలు పోతాదా అన్నా? పాదం ఎంత పైకి లేస్తాది?" అని అడిగింది. పాదమంటే సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే ఇనుప ముక్క. ఆ ప్రశ్న వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

శనివారం ఆమె బస్సులో ఉండగా ఎర్రగుంట్ల ఆయన మళ్లీ ఫోను చేశాడు. పులివెందుల నుంచి ఒకామె మిషను చూడటానికి వస్తోందని చెప్పాను. "ఆమె కంటే ఎక్కువిస్తా మామా. చూసే పని గూడా లేదు. అమ్ముడుపోయిందని ఆమెకు చెప్పేయ్, సాయంత్రం వస్తాండా."

"లైవ్ లొకేషన్ పెట్టు," అన్నాను. మనిషి ఎక్కడున్నాడో అవతలివాళ్ల ఫోనులో కనిపించే ఏర్పాటు అది.

"ఫోన్లో చార్జింగ్ లేదు మామా."

పక్కనే వింటున్న అక్క మెత్తబడింది. "పాపం, నిజంగానే లేదేమోప్పా. ఎక్కువిస్తాననె గదా. ఈమె రాకుంటే నా గది పోతాది."

"ఈమె రాకుంటే నా ఫోను అమ్మి నీ గదికి కడతాలే అక్కా," అని ఆయనకు కుదరదని చెప్పేశాను. పైకి ధీమాగానే ఉన్నాను. ఆ మరుక్షణమే ఓబులమ్మకు ఫోను చేసి బస్సు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కున్నాను.

మధ్యాహ్నం ఎండలో ఓబులమ్మ దిగింది. సంచిలోంచి నల్ల రెగ్జిను ముక్క తీసి, రెండు మడతలు వేసి పాదం కింద పెట్టింది. మోటారు వేయగానే దారం పుటుక్కున తెగింది. మళ్లీ తెగింది. అక్క నా వైపు చూసిన చూపుకు నేను గోడలో కలిసిపోయినా బాగుండేది.

ఓబులమ్మ మాత్రం తొణకలేదు. "రవికెల సూదమ్మా ఇది. దీని తప్పేం లేదు," అంటూ కొంగుముడి విప్పి లావు సూది తీసింది. సూది కూడా తెచ్చుకున్న మనిషి. రెగ్జిను మీద ఒక చుక్క నూనె రాసి మళ్లీ కుట్టింది. కుట్టు గీత గీసినట్టు పోయింది. రెండు చేతులతో లాగి చూసి, "ఆటో పిల్చన్నా" అంది.

డబ్బు చేతికొచ్చి మిషను ఆటో ఎక్కగానే అక్క జమ్మలమడుగుకు అడ్వాన్సు పంపి, ఫోను చేసి, గది తనదేనని చెప్పించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "శానా మొండోడివప్పా నువ్వు," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద సన్మానం లేదు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. అబద్ధపు బేరగానితో వాదించి లాభం లేదు. ఒక చిన్న పని చెబితే వాడే తప్పుకుంటాడు. నిజంగా కావలసినవాళ్లు అడిగినదానికంటే ఎక్కువే చేసుకొస్తారు. ఇప్పుడు నా ప్రతి లిస్టింగ్ కిందా ఒక పని ఉంటుంది. కూలరైతే నీళ్లు పోసి చూసుకోవాలి, సైకిలైతే వీధి చివరిదాకా తొక్కి రావాలి. ఈ చుట్టుపక్కల ఊర్ల నుంచి నా సరుకు చూడటానికి ఉత్త చేతులతో వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మొన్న కుక్కరు కొనడానికొచ్చిన ఒకాయన నానబెట్టిన కందిపప్పు తెచ్చాడు. మా పొయ్యి మీదే ఉడికించి, విజిల్ విని, కుక్కరు కడుక్కొని పట్టుకుపోయాడు. పప్పు మాకే వదిలేశాడు. ఆ పూట మా ఇంట్లో పప్పన్నమే.