కార్పెట్ కింద నీళ్ళు

గుడివాడ బస్టాండు పక్క టీ కొట్టులో ఒక మాట నడుస్తోంది. బందరులో కృపానందం అని ఒకాయన ఉన్నాడట. కారు వైరు ఒక్కసారి నాకితే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేస్తాడట. గుడివాడలోనే ఉండే మా పిన్ని ఆ మాట విని నాకు ఫోన్ చేసింది. "జెస్సీ, కరెంటు వైర్లు నాకడం ఏంటే? మీ మావయ్యకి కాస్త చెప్పవే" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

కృపానందం మా మేనమామ. గిలకలదిండి వెళ్ళే రోడ్డు మీద ఆయన షెడ్డు, దాని వెనకే ఇల్లు. టెన్త్‌లో చదువు ఆగిపోయాక నేను ఆ ఇంట్లోనే ఉంటూ వంట చేస్తాను, వసారాలో బ్లౌజులు కుడతాను. మిషన్ దగ్గర కూర్చుంటే షెడ్డంతా కనిపిస్తుంది. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి అక్కడ ఎవరూ నన్ను పట్టించుకోరు. అందువల్ల ప్రసాద్ అనే అతని కారు వచ్చిన రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చూశాను.

మావయ్య ఇరవై ఏళ్ళు బోట్లలో వైర్‌లెస్ సెట్లు బాగుచేశాడు. కార్లలో కంప్యూటర్ పెట్టెలు ఎక్కువయ్యాక ఈ పనిలోకి వచ్చాడు. ఇంజిన్ ముట్టుకోడు. పెట్టెలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోకపోతే ఎందుకో కనిపెట్టడమే ఆయన పని.

ప్రసాద్‌ది అవనిగడ్డ, టాక్సీ నడుపుతాడు. గుడివాడ కిరాయికి వెళ్ళినప్పుడు అక్కడే కారు ఆగిపోయింది. వారం తర్వాత, మధ్యాహ్నం ఒంటిగంటకి, వ్యాను వెనక తాడు కట్టి మా దగ్గరికి లాక్కొచ్చాడు.

"స్టార్ట్ అవ్వట్లేదండీ. స్టీరింగ్ ముందు లైట్లన్నీ ఒక్కసారే వెలుగుతున్నాయి."

"అక్కడ ఏమన్నారు?"

"మెషిన్ పెట్టి చూశారు. ఒక్క పెట్టె కూడా జవాబివ్వట్లేదట. పెద్ద కంప్యూటర్ పోయింది, చెన్నై నుంచి తెప్పించాలి, పది రోజులన్నారు. నాకు పది రోజులు లేవండీ!"

అవనిగడ్డలో శివరామయ్య గారనే పెద్దాయన్ని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి బందరు తీసుకొచ్చేది ప్రసాదే. ఇప్పటికి మూడు కిరాయిలు తప్పాయి. మర్నాడు పొద్దున ఆరింటికి బండి గుమ్మంలో లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటామని ఆయన కోడలు చెప్పేసింది. ప్రసాద్ ఇల్లు గడిచేది ఆ కిరాయి మీదే.

"కూర్చో. ముందు నీ పెద్ద కంప్యూటర్ బతికే ఉందేమో చూద్దాం" అన్నాడు మావయ్య.

ఆయన ఎవరికైనా ఒకటే చెబుతాడు. కారులో ఇంజిన్‌కొక పెట్టె, బ్రేకులకొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి ఉంటాయి. అన్నీ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకుంటాయి, బోట్లన్నీ ఒకే వైర్‌లెస్ ఛానల్లో మాట్లాడుకున్నట్టు. ఏదో ఒక బోటులో మైకు బటన్ నొక్కుకుపోయి ఉండిపోతే ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అంతమాత్రాన సెట్లన్నీ పాడైనట్టు కాదు. రేవులో ఒక్కో బోటు సెట్టూ ఆపిస్తూ వస్తే, ఏది ఆపినప్పుడు ఛానల్ తెరుచుకుంటుందో అదే దొంగ.

బ్యాటరీ తీసేసి, స్టీరింగ్ కింది సాకెట్లో ఆ రెండు వైర్లకీ మీటరు పెట్టాడు. వైర్లు బాగుంటే అరవై ఓములు చూపించాలి, ఇరవై మూడు చూపించింది. ఒక పెట్టె ప్లగ్గు లాగి మీటరు చూశాడు, మళ్ళీ పెట్టేశాడు. ఇంకోటి లాగాడు. అలా రెండు గంటలు గడిచాయి. ఏ పెట్టె తీసినా అంకె అరవై దరిదాపులకి రాలేదు.

ప్రసాద్ కూర్చోలేక లేచాడు. "మీటరు పాతదేమోనండీ?"

"పాతదే. అబద్ధమాడటం ఇంకా నేర్చుకోలేదు" అన్నాడు మావయ్య, తలెత్తకుండానే. "దొంగ పెట్టెల్లో లేడు. దారిలో ఉన్నాడు."

ఎడమవైపు ముందు సీటు దగ్గర, కాళ్ళు పెట్టుకునే చోట, కార్పెట్ కింద ఆ వైర్లు కలిసే జాయింటు ఉంది. పైన మ్యాట్ పొడిగానే ఉంది. కార్పెట్ లేపితే అడుగునున్న స్పాంజి నానిపోయి ఉంది. పిండితే నీళ్ళు కారాయి.

"ఏసీ నీళ్ళేమోనండీ."

"ఏసీ నీళ్ళైతే పైపు సరిచేసి ఆరబెడితే చాలు. సముద్రపు నీళ్ళైతే జాయింటు మొత్తం కోసెయ్యాలి. బీచికేమైనా వెళ్ళావా?"

"కారు నీళ్ళలో దిగలేదండీ, ఒట్టు!"

"అయితే వేలు ముంచి నాలుక మీద పెట్టుకో."

"నేనా?"

"కారెవరిది?"

"దీనిమీద ఎంతమంది కాళ్ళు పెట్టుంటారండీ బాబూ!"

"అందరూ నీ బేరాలే కదా. కానివ్వు."

ప్రసాద్ కళ్ళు మూసుకుని వేలు నాలుకకి ఆనించాడు. వెంటనే బయటికి పరిగెత్తి ఉమ్మేశాడు. "ఉప్పండీ! ఒట్టి ఉప్పు!" అంటూ వచ్చి, అక్కడే నిలబడిపోయాడు. "మా అత్తండీ..."

మాఘ పౌర్ణమికి ఇంటివాళ్ళని సముద్ర స్నానానికి పాలకాయతిప్ప తీసుకెళ్ళాడట. ఇల్లంతా చల్లుకోవాలని వాళ్ళ అత్త దుర్గాదేవి గారు కృష్ణ సముద్రంలో కలిసే చోట ఐదు లీటర్ల క్యాన్‌తో సంగమం నీళ్ళు పట్టుకుని, ముందు సీట్లో కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఇంటికొచ్చి చూస్తే సగమే మిగిలాయి.

"గంగమ్మే వెనక్కి తీసుకుందందండీ."

"గంగమ్మ కాదు, నీ కారు తాగింది."

జాయింటు విప్పితే లోపల పిన్నులకి పచ్చగా చిలుం పట్టి ఉంది. ఆ ఉప్పు తడి రెండు వైర్లనీ కలిపేసింది. మావయ్య జాయింటు కోసేసి, వైర్లు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటే టంకం వేసి అతికాడు. మీటరు పెడితే అరవై. బ్యాటరీ తగిలించి తాళం తిప్పమన్నాడు. లైట్లన్నీ వెలిగి, ఒకటొకటిగా ఆరిపోయాయి. ఇంజిన్ అందుకుంది. ప్రసాద్ వెంటనే ఫోన్ తీసి, పొద్దున ఆరింటికి వస్తున్నానని శివరామయ్య గారి కోడలికి చెప్పాడు.

మర్నాడు ఆరుంబావుకి ఫోన్ చేశాడు. "శివరామయ్య గారు ఎక్కారండీ, బయల్దేరాం."

తర్వాత గుడివాడలో ఈ కథ చెప్పింది ప్రసాదే. తన కారు నేల తనే నాకానని ఎవరు చెప్పుకుంటారు? ఆ నాలుక మావయ్యకి తగిలించేశాడు. మావయ్య కూడా కాదనలేదు. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని నేను ఆయన్ని అడగను. కరోనా వచ్చి తగ్గిన దగ్గర నుంచి మావయ్యకి ఏ రుచీ తెలియదు.