కోతమ్మ చేసిన ఏడు హత్యలు

కోతమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఐస్ రింకులో ఏళ్ల తరబడి జడ్జి కుర్చీలో కూర్చుని, స్కేటింగ్ చేసే పిల్లల మార్కులు ఎడాపెడా కోసేసినందుకు వాళ్ల తల్లులు పెట్టిన పేరది. ఎదురుపడితే ‘మేడమ్’ అనేవాళ్లు, రెండడుగులు దాటగానే ‘కోతమ్మ’ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి బాధపడలేదు సరికదా, లోలోపల మురిసిపోయేది.

ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. కొట్టు కొట్టుకీ తిరిగి, తక్కెళ్లు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి, తేడా వస్తే అక్కడే సీజ్ చేసి పారేసే పని. ఆమె వీధి మొదట్లో కనిపిస్తే చివరి కొట్టువాడు కూడా తక్కెడ తుడవడం మొదలుపెట్టేవాడు. టీ ఇస్తే తాగేది కాదు, కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. లంచం ఎరగని మనిషి. అందుకు ఆమెను గౌరవించాలనే చాలామంది అనుకునేవాళ్లు గానీ, ఆ ముక్కు మీది కోపం చూశాక ఎవరికీ మనసొప్పేది కాదు.

భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక్కగానొక్క కూతురు. పిల్లకు ఐదేళ్లప్పుడు రింకులో చేర్పించింది. మిగతా తల్లులు గ్యాలరీలో స్వెట్టర్లు అల్లుకుంటూ కబుర్లు చెప్పుకుంటుంటే, ఈమె రూల్సు పుస్తకం తెప్పించుకుని కమ్మీ పట్టుకు నిలబడి చదివేది. చదివి ఊరుకోలేదు. పరీక్ష రాసి, కోచ్ కంటే ముందే జడ్జి అయి కూర్చుంది. అంచు తప్పిన కాలు ఒక్కటి కూడా ఆమె కన్ను దాటి పోయేది కాదు. పిల్లలు ఐస్ మీద పడి లేచి ఏడుస్తుంటే, కాళ్ల మీద కంబళి కప్పుకుని, ఎటూ చూడకుండా మార్కు వేసి కాగితం పక్కకు తోసేది.

ఇదంతా పాత సంగతి. ఇప్పుడు ఆమె రిటైరై, హత్యలు చేస్తోంది. అంటే, డిటెక్టివ్ నవలలు రాస్తోంది.

మామూలు నవలలు కావు. స్కేటింగ్ పోటీలు జరిగే రింకుల్లోనే జరిగే హత్యలు. నెత్తురు కనిపించదు, కత్తి కనిపించదు, బూతు మాట వినిపించదు. శవం ఎప్పుడూ శుభ్రంగా, కోటు బొత్తాలు పెట్టుకుని పడి ఉంటుంది. పిల్లల డ్రెస్సులకు తళుకులు కుట్టే ముసలావిడ ఒకామె, టీ తాగుతూ, ఒకరిని ఒకటి అడుగుతూ, మరొకరిని మరొకటి అడుగుతూ, చివరికి హంతకుణ్ణి పట్టుకుంటుంది. జనం ఈ పుస్తకాలను దిండు పక్కన పెట్టుకుని, హాయిగా రెండు పేజీలు చదివి, హాయిగా నిద్రపోతారట. అలా అని ఉత్తరాలు కూడా వస్తుంటాయి. రాసేటప్పుడు ఆవిడ పళ్లు ఎలా నూరుకుంటుందో ఆ చదివేవాళ్లకు తెలియదు.

ఏడు నవలల్లోనూ చచ్చేది ఒక్కడే. పేరు మారుతుంది, మీసం మారుతుంది, ఊతపదం మారుతుంది. కానీ ప్రతిసారీ అతను జడ్జీల బల్ల దగ్గర నాలుగో కుర్చీలో కూర్చుంటాడు, ప్రతిసారీ దగ్గుతుంటాడు. ఒక పుస్తకంలో ఐస్ చేసే యంత్రం గదిలో బిగుసుకుపోయాడు. ఒకదాంట్లో దగ్గు బిళ్లల్లో విషం. ఇంకోదాంట్లో బహుమతుల అలమర మీద పడింది. ఎవరి గురించో రింకులో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు: దగ్గు మాస్టారు. సంగీతం టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ నాలుగో కుర్చీలోనే కూర్చుంటాడు. మొదటి పుస్తకం చూసి ఆయన మొహం మాడ్చుకున్నాడు. రెండోదానికి నవ్వేశాడు. మూడోదాని నుంచి, కొత్త పుస్తకం వచ్చిందనగానే రింకు మేనేజరు దగ్గరికి వెళ్లి, “ఈసారి నేనెలా పోయాను?” అని అడగడం మొదలుపెట్టాడు. మేనేజరుకు వేరే బాధ. ఇన్ని పుస్తకాల్లో ఒక్కసారైనా తనను చంపలేదని ఆయనకు చిన్నతనంగా ఉండేది.

ఈ పగ ఎందుకో చెప్పాలి.

కూతురికి పందొమ్మిదేళ్లప్పుడు పెద్ద పోటీ వచ్చింది. మొదటి ముగ్గురిలో ఉంటే జాతీయ జట్టులోకి తీసుకుంటారు. తల్లి తన బిడ్డకు మార్కులు వేయకూడదు, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ రోజు ఒక జడ్జికి జ్వరం. ఇంకొకరు దొరకలేదు, కుర్చీ ఖాళీగా ఉంటే పోటీ ఆగిపోతుంది. కోతమ్మే కూర్చుంది. ఆ పిల్ల నాలుగో స్థానంలో ఆగిపోయింది. దగ్గు మాస్టారు బాగా తక్కువ వేశాడు. ఆ మార్కే దాని కొంప ముంచిందని కోతమ్మ ఆ సాయంత్రమే ఆయన మీదికి వెళ్లి, నలుగురిలో దొంగ అని తిట్టి, మంచినీళ్ల గ్లాసు ఆయన కాళ్ల దగ్గర పగలగొట్టింది. దాంతో ఆమె జడ్జి కుర్చీ కూడా పోయింది. కూతురు మళ్లీ పోటీకి దిగలేదు. అదే రింకులో చిన్నపిల్లలకు కోచ్‌గా కుదురుకుంది.

తల్లీకూతుళ్లది ఒకటే ఇల్లు. ముందు గది కూతురిది, వెనక గది తల్లిది. మధ్యలో వంటిల్లు. ఉప్పూ నిప్పూ. “గ్యాస్ అయిపోయింది.” “కుళాయి కారుతోంది.” ఇలాంటి మాటలే వాళ్ల మధ్య నడిచేవి, అవి కూడా గోడకు చెబుతున్నట్టు. కొత్త నవల వచ్చిన ప్రతిసారీ కోతమ్మ మొదటి కాపీ తీసుకెళ్లి కూతురి బల్ల మీద పెట్టేది. మర్నాటికి ఆ పుస్తకం ముందు గదిలో చెప్పుల స్టాండు కాళ్ల కింద ఉండేది, చెమ్మ తగలకుండా. తల్లి అది చూసేది. అయినా తీసేది కాదు, అడిగేది కాదు. మళ్లీ వెనక గదికి వెళ్లి ఇంకో హత్య మొదలుపెట్టేది.

ఆమెకు కావలసింది ఒక్కటే. తన బిడ్డకు అన్యాయం చేసినవాణ్ణి ఊరు చూస్తుండగా ఇన్నిసార్లు చంపింది. కూతురు ఒక్కసారి, ఒక్క పుస్తకం చదివి, “మంచి పని చేశావమ్మా” అంటే చాలు. పేరూ ఉత్తరాలూ ఆమెకు అక్కర్లేదు.

ఏడో పుస్తకం బాగా అమ్ముడుపోయింది. రింకు మేనేజరు ఆ సంబరంలో తనను చంపని సంగతి కూడా మరిచిపోయి, ఆదివారం పొద్దున టీ గదిలో పాఠకుల సభ పెట్టాడు. రబ్బరు పట్టాల మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అద్దం అవతల ఐస్ మీద చిన్నపిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు, వాళ్ల మధ్య కూతురు. దగ్గు మాస్టారు మొదటి వరుసలో, మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు.

“ఇదిగో, మన కీర్తిశేషులు కూడా వచ్చారు,” అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. కోతమ్మ నవ్వలేదు.

ఆమె ఒక అధ్యాయం చదివింది. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అప్పటికి క్లాసు అయిపోయి, కూతురు పిల్లల్ని పంపించి, వేడినీళ్ల కోసం టీ గదిలోకి వచ్చింది. కోతమ్మ చూసింది. చూసి గొంతు సర్దుకుంది. సరిగ్గా అప్పుడే బయటి ఊరి నుంచి వచ్చిన పాఠకురాలు ఒకామె లేచి, “అన్ని పుస్తకాల్లో నాలుగో కుర్చీనే ఎందుకు చంపుతారండీ?” అని అడిగింది.

ఇన్నాళ్లూ ఎవరూ ఆమెను మొహం మీద అడగలేదు. కూతురు వింటోంది కూడా. కోతమ్మ నిటారుగా నిలబడింది.

“ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్నాయన నా కూతుర్ని ముంచాడు. ఆయన వేసిన మార్కు వల్ల అది నాలుగోది అయింది. అది ఎప్పుడూ ఎవరితోనూ చెప్పుకోలేదు. దాని తరఫున నేను చెబుతున్నాను.”

దగ్గు మాస్టారు ఒకసారి దగ్గి, మఫ్లరు సర్దుకున్నాడు. “మీరు నాకన్నా తక్కువ వేశారు కదా మేడమ్,” అన్నాడు, కోపం లేకుండా.

“వేశాను. నాది లెక్కలోకి రాదు.” కోతమ్మ ఆ పాఠకురాలి వైపు తిరిగింది. “అయిదుగురం జడ్జీలం. అన్నిటికన్నా ఎక్కువ మార్కొకటీ, అన్నిటికన్నా తక్కువదొకటీ తీసి పారేస్తారు. మిగిలిన మూడే లెక్క. తల్లినై ఉండి ఎక్కువ వేస్తే లోకం ఏమంటుంది? అందుకే అడుగున వేశాను. ఎలాగూ పారేస్తారు, పిల్లకు నష్టం లేదు, నాకు మాట రాదు. ఆలోచించే వేశాను.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఉంది. అది గదిలో అందరికీ వినిపించింది.

“పారేసేది ఒక్కటే,” అంది కూతురు. ఫ్లాస్కు మూత తిప్పుతూనే అంది. “అడుగున నీది ఉంది కాబట్టి నీది పారేశారు. నీది లేకపోతే మాస్టారిది పారేసేవాళ్లు. నువ్వు చెత్తబుట్టలో ఆయన చోటు ఆక్రమించావు, ఆయన మార్కు వచ్చి నా నెత్తిన కూర్చుంది.”

“ఆయన అంత తక్కువ వేస్తాడని నాకెలా తెలుస్తుంది?”

“తెలియదు. ఆయనకూ తెలియదు, నువ్వలా వేస్తావని. కానీ ఆయన్ని ఏడుసార్లు చంపావు.”

“నువ్వు చదవందే ఎలా తెలిసింది?”

“స్టాండు కింద పెట్టే ముందు చదివాను. అన్నీ చదివాను. ఏడుసార్లూ నీ ముసలావిడ తప్పుడు మనిషినే పట్టుకుంది.”

కోతమ్మ గది చుట్టూ చూసింది. రింకు వాళ్లలో ఒక్కరి మొహంలో కూడా ఆశ్చర్యం లేదు. మేనేజరు కప్పులు సర్దుతున్నాడు. ఏళ్ల తరబడి గ్యాలరీలో స్వెట్టర్లు అల్లిన తల్లులు నేల చూపులు చూస్తున్నారు. ఈ లెక్క వాళ్లందరికీ మొదటి నుంచీ తెలుసు. కొత్త నవల వచ్చిన ప్రతిసారీ కొనుక్కుని, ఈసారైనా ఆవిడ అసలు దోషిని కనిపెడుతుందా అని చదువుతున్నారు.

ఆమెకు ఒళ్లు మండింది. సిగ్గేస్తే కూడా ఆమెకు మంటే వస్తుంది. “అయితే నన్ను చంపు,” అంది. “నేను రాక్షసిని. అందరూ అదేగా అంటారు. నీ కోసం ఆ కుర్చీ పోగొట్టుకున్నాను, అది కూడా లెక్కలో వేసుకో.”

“లెక్కలు నాకొద్దు,” అంది కూతురు. అప్పుడు మొదటిసారి తల్లి వైపు తిరిగింది. “నాకు ఒక్కటి చెప్పు. నువ్వు తక్కువ వేయాలనుకోకపోతే, నా ఆటకు ఎంత వేసేదానివి?”

కోతమ్మ నోరు తెరిచింది.

జవాబు తేలికే. ఒక ఆట చూసి విలువ కట్టడమే ఆమె బతుకంతా చేసిన పని. ఎవరి పిల్ల ఏ మలుపు దగ్గర ఏ కాలు తప్పిందో ఇప్పటికీ చెప్పగలదు. కూతురి ఆటను మనసులోకి తెచ్చుకోబోయింది. సంగీతం మొదలైంది గుర్తుంది. తన చేతిలో పెన్సిలు గుర్తుంది. ఎంత వేస్తే అడుగున పడుతుంది, మరీ తక్కువ వేస్తే అనుమానం వస్తుందా, పక్కవాడు ఎంత వేస్తాడు, ఇదంతా గుర్తుంది. తర్వాత చప్పట్లు గుర్తున్నాయి. మధ్యలో ఐస్ ఉత్త తెల్లగా ఉంది.

“బాగా… బాగానే ఆడావు,” అంది.

“మూడో జంప్ ఎలా ఉంది?”

కోతమ్మ అద్దం అవతలి ఐస్ వైపు చూసింది.

“చూడలేదు కదా,” అంది కూతురు. అరవలేదు. అరిచినా బాగుండేది. దగ్గు మాస్టారు వైపు తిరిగి, “మీకు గుర్తుందా మాస్టారూ?” అంది.

“గుర్తుందమ్మా. దిగేటప్పుడు ఎడమ భుజం ముందుకు పడింది. మడమ ఒకసారి గీరుకుంది. దానికి తగ్గించాను. తప్పయితే క్షమించు.”

“తప్పు కాదు. భుజం పడింది. నాకూ తెలిసింది.” కూతురు ఫ్లాస్కు తీసుకుంది. “మీరు చూసి తగ్గించారు.”

ఆమె వెళ్లిపోయాక సభ ఎలా ముగించాలో మేనేజరుకు తోచలేదు. పుస్తకాలు మిగిలిపోయాయి.

ఇంటికి వచ్చి కోతమ్మ చాలాసేపు వంటింట్లో నిలబడింది. తర్వాత ముందు గది తలుపు తట్టింది. ఆ తలుపు ఆమె తట్టడం ఎవరికీ గుర్తు లేనంత పాత మాట. “ఏమే, ఆ రోజు నువ్వు ఎలా ఆడావో చెప్పవే,” అంది. లోపలి నుంచి, “నేను చెప్పను. చూసినవాళ్లని అడుగు,” అని మాత్రం వచ్చింది. గొళ్లెం తీసిన చప్పుడు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె చేతిసంచి తగిలించుకుని, నాలుగు వీధులవతల ఒక ఇంటి ముందు నిలబడి గంట నొక్కింది. దగ్గు మాస్టారు తలుపు సగం తీసి, ఆమెను చూసి, తీసినంతవరకే ఉంచాడు.

“ఎనిమిదోసారికి వచ్చారా మేడమ్?”

“కాదు.”

“క్షమాపణ అయితే నాకొద్దు. ఇన్నేళ్లుగా చస్తున్నవాణ్ణి, అది నేనేం చేసుకోను?”

“అందుకు కూడా కాదు.” క్షమాపణ చెప్పడం ఆమెకు రాదు, ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు. “మా అమ్మాయి ఆట చెప్పండి. మొదటి నుంచి చివరి దాకా.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. లోపలికి రమ్మనలేదు, తలుపూ వేయలేదు. దగ్గు తెర వస్తే గోడకు ఆనుకుని దాన్ని పోనిచ్చాడు.

“మొదటి నుంచి అంటే?” అన్నాడు.

“ఐస్ మీదికి వచ్చినప్పటి నుంచి,” అంది కోతమ్మ. “ఆ రోజు ఏ రంగు డ్రెస్ వేసుకుందో చెప్పండి ముందు.”