డెల్బర్ట్ నమ్మని గుల్ల

ఎక్కడిదో తేలేదాకా డెల్బర్ట్ స్పివీ దేన్నీ నమ్మడు. చేపల కొట్లో నిలబడి, "ఈ గ్రూపర్ చేప ఎక్కడ పట్టారు?" అంటాడు.

"సముద్రంలో, డెల్బర్ట్."

"ఏ సముద్రం?"

కొత్తగా వచ్చిన పాస్టర్‌ని చర్చి గుమ్మంలోనే ఆపి, "జార్జియా అంటున్నారు, మీ మాట టెన్నెసీలా ఉందే?" అన్నాడు. పాపం ఆయన పుట్టింది టెన్నెసీలోనేనని ఒప్పుకున్నాడు. ఆ గెలుపుతో డెల్బర్ట్ ఇంకా చెడిపోయాడు.

మా ఫ్లోరిడా దీవిలో సముద్రపు గుల్లలు ఏరే పిచ్చి అందరికీ ఉంది. ఎక్కడ దొరికిందో చెప్పలేని గుల్ల కిటికీలో అలంకారానికే పనికొస్తుంది. డెల్బర్ట్ ఎదురుగా ఉంటే చెప్పగలిగిన గుల్లకూ అదే గతి.

మా ఆయన హార్లన్ పోయే ముందు చలికాలంలో మా ఇంటి వెనక తీరాన బియ్యపు గింజంత నత్తగుల్ల ఏరాడు. ఆ జాతి క్యూబా వైపే తప్ప ఇంత ఉత్తరాన ఉందని ఎవరూ వినలేదు. గుల్లల సంఘం హాల్లో, అద్దాల బీరువాలో, హార్లన్ పేరు రాసిన చీటీతో దాన్ని పెట్టారు. ఆయన పోయాక నేను హాలుకు వెళ్లేది ఆ చీటీ చూడ్డానికే.

వసంత ప్రదర్శనకు ముందు జరిగిన సమావేశంలో డెల్బర్ట్ లేచాడు.

"ఆ చీటీ తీసెయ్యాలి."

కొబ్బరి కేకు పంచుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

"కూర్చో, డెల్బర్ట్," అంది అధ్యక్షురాలు ఆర్డిత్. "మనిషి పోయి ఏడాదైనా కాలేదు."

"మనిషి మీద కాదు, గుల్ల మీద నా అనుమానం. తుఫాను తర్వాత మన తీరాన బార్జీ పడవల్లో తెచ్చి పోసిన ఇసుక ఎక్కడిది? ఎవరి జేబులోంచి రాలిందో, ఏ పీత మోసుకొచ్చిందో. ఉన్నది ఒక్కటి, అదీ ఖాళీది."

అందులో అబద్ధం లేదు. అదే నాకు మింగుడుపడలేదు. ప్రదర్శన దాకా చూద్దామన్నారు. డెల్బర్ట్‌కి మాత్రం కేకు పెట్టలేదు.

తర్వాత అతని వాలకమే అనుమానంగా తోచింది. నీళ్లు వెనక్కి తీయగానే రొమ్ముదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, చంకన పిండి జల్లెడతో మా ఇంటి వెనక గడ్డి నీళ్లలో తిరిగేవాడు.

"ఎక్కడివో గుల్లలు తెచ్చి పారేస్తున్నాడు. హార్లన్‌ని దొంగ చెయ్యడానికే," అంది పక్కింటి వెల్డా. నేనూ నమ్మాను.

ప్రదర్శన రేపనగా డెల్బర్ట్ మా వంటింటి తలుపు కొట్టాడు. చేతిలో సీసా, సీసాలో సముద్రపు నీళ్లు, ఒక గడ్డిపోచ. పోచ మీద బియ్యపు గింజ పాకుతోంది.

"ఖాళీ గుల్ల ఎక్కణ్ణుంచైనా రావచ్చు, లొరెట్టా. ఇది బతికుంది. పోచకి గుడ్లు కూడా పెట్టింది చూడు. ఇక్కడిదే."

"మరి చీటీ తీసెయ్యమన్నావు?"

"నేను అనకపోతే రేపు ప్రదర్శనకొచ్చే పెద్ద మ్యూజియం వాళ్లు అంటారు. వాళ్లు నీళ్లలోకి దిగరు, చీటీ మీద పేరు కొట్టేసి ఊరుకుంటారు."

ఏదో ఒకటి అనాలని అడిగాను: "ఇది మా ఇంటి వెనకే దొరికిందనడానికి సాక్ష్యం ఎవరు?"

డెల్బర్ట్ ముఖం వెలిగిపోయింది. "అదే కదా. ఎవరూ లేరు. నా మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు. నువ్వూ వచ్చి చూడకూడదూ?"

హార్లన్ పోయాక నేను ఆ నీళ్లలో కాలు పెట్టలేదు. గౌను ఎగదోపుకుని మోకాలిలోతు దిగాను. డెల్బర్ట్ జల్లెడ పైకెత్తాడు. తడి గడ్డిలో ఒకటి కదిలింది, దాని వెనక ఇంకొకటి.

"చూశావా?"

"చూశాను, డెల్బర్ట్."

అతను నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. "కళ్లజోడు లేకుండానా?" అని, తెచ్చుకోమని నన్ను ఇంట్లోకి తరిమాడు.