కొలతక్క నాలుగు వేళ్ళు

రంగులరాట్నాలు తిప్పుకుని బతికేవాళ్ళలో ఆమెను కొలతక్క అననివాళ్ళు లేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండే ఉంటుంది. మొగుడే ముప్పై ఏళ్ళుగా "ఏమే" అని పిలుస్తుంటే ఇక మనకెందుకు ఆ పేరు.

రాట్నం తిప్పేది మొగుడు. బండి తోలేది మొగుడు. గుర్రమెక్కి ఏడ్చే పిల్లల్ని నవ్వించేదీ మొగుడే. మరి ఈవిడేం చేస్తుందయ్యా అంటారా? మిగతాదంతా ఈవిడే చేస్తుంది! ఒక మైదానంలో ఆట ముగిసిందంటే పన్నెండు గుర్రాలు, నడిమి స్తంభం, కప్పు రేకులు, ఇనుప కమ్మీలు, దీపాల తీగలు అన్నీ విప్పి ట్రైలరులోకి ఎక్కించాలి. ఏది ముందు, ఏది వెనక, ఏ గుర్రం పక్కన ఏ గుర్రం అన్నది కొలతక్క చెప్పాల్సిందే. చెప్పిన చోట కాకుండా జానెడు పక్కన పెట్టారా, ఆ పెట్టినవాడి ఏడు తరాలూ ఆ పూట మైదానంలోకి దిగి రావాల్సిందే.

ఆమె పద్ధతి ఆమెది. ముందు ఖాళీ ట్రైలరును లారీకి తగిలిస్తుంది. ఆ తర్వాతే సామాను ఎక్కిస్తుంది. ట్రైలరు ముందు భాగంలో బరువు పడేకొద్దీ లారీ వెనక వైపు కుంగుతూ వస్తుంది. అంతా సర్దాక ఆమె వంగి, లారీ వెనక టైరుకీ పైనున్న మడ్గార్డుకీ మధ్య చెయ్యి అడ్డంగా దూరుస్తుంది. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టాయా, బరువు సరి. వేళ్ళు పట్టాక ఇంకా సందు మిగిలిందా, ట్రైలరుకి ముందు తేలిక, వెనక బరువు అన్నమాట. అలాంటి ట్రైలరు రోడ్డెక్కితే తోక ఊపి, ముందున్న బండిని కూడా ఈడ్చుకుపోయి గోతిలో పడేస్తుంది. సందు మిగిలితే మాత్రం వాన పడనీ, పిడుగు పడనీ, మొత్తం దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. ముప్పై ఏళ్ళలో వాళ్ళ ట్రైలరు ఒక్కసారి కూడా తోక ఊపలేదు.

ఇంత పనిమంతురాలికి ఒక్కటే లోటు. తప్పు ఒప్పుకోవడం ఆమె ఇంటా వంటా లేదు. ఒకసారి ఆమె సైగ చేస్తూ వెనక్కి రమ్మంటే మొగుడు లారీని తీసుకెళ్ళి గోడకి గుద్దాడు. "నా కొలత సరిగ్గానే ఉంది. గోడ కట్టినవాడే ముందుకు కట్టాడు" అంది. ఆయన దిగి, పగిలిన దీపం ఏరుకుని, మారుమాట లేకుండా మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. మెత్తని మనిషి.

అలాంటి కాపురంలోకి పోయినేడు కారొచ్చింది. లారీ ఇంజను చేతులెత్తేసింది. ఇంకో లారీ కొనే తాహతు లేదు. ఎరిగిన మెకానిక్కు ఒకడు తన షెడ్డులో మూలపడి ఉన్న పెద్ద కారు చూపించాడు. ఒకప్పుడు ఏ కోటీశ్వరుడో ఊరేగిన బండి. తోలు సీట్లు, తలుపు మూస్తే చప్పుడు లేదు, ముందు టీవీ అంత తెర. మోజు తీరాక వదిలించుకున్నాడు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు, మూడున్నర టన్నుల ట్రైలరును ఇప్పటికీ కిమ్మనకుండా లాగుతుందని మెకానిక్కు ప్రమాణం చేశాడు. మొగుడు ఆ తోలు సీటులో ఒక్కసారి కూర్చున్నాడు. ఇక లేవలేదు.

రాట్నాలవాళ్ళంతా ఆయనకు దొర అని పేరు పెట్టారు. వెక్కిరింతే అనుకోండి. ఆయన మాత్రం ఆ పేరుకి లోలోపల మురిసిపోయాడు.

"దీనికి గాలి నింపిన స్ప్రింగులున్నాయే" అన్నాడు ఒకరోజు, అద్దం తుడుస్తూ. "ఎంత బరువేసినా అదే సర్దుకుంటుందట. ఇక నువ్వు వంగి వేళ్ళు పెట్టక్కర్లేదు."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. "వేళ్ళు పెట్టక్కర్లేదా? రేపు నేను కూడా అక్కర్లేదంటావు. బండికి తెలివుంటే ఉండనీ, నా వేళ్ళ పని నా వేళ్ళది" అంది.

అన్నట్టే మొదటి ప్రయాణానికి సామానంతా ఎక్కించి, కొంగు బిగించి, టైరు పైన సందులో చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళు! కత్తిరించి అతికించినట్టు నాలుగు. "చూశావా?" అంది గర్వంగా. ఆయన చూశానని తలూపాడు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ సందు ఎంతుందో ఆమె చూసుకోలేదు. ఖాళీ బండిని కొలిచేదెవరండీ?

చిక్కల్లా జనరేటరుతో వచ్చింది. లారీ ఉన్న రోజుల్లో అది లారీ మీదే ప్రయాణం చేసేది. కారులో పెడదామంటే దొరగారు ఒప్పుకోలేదు. "నూనె కారుతుందే, తోలు సీట్లు పాడైపోవూ?" అని రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చేసేది లేక ఆమె దాన్ని ట్రైలరులో అన్నిటికంటే వెనక, తలుపు దగ్గర పెట్టించింది. కొత్త మైదానంలో ముందుగా దించాల్సింది అదే కదా. అది ఎక్కుతున్నప్పుడు కారు కింద నుంచి సుయ్‌మని ఒక చప్పుడు వచ్చింది. టైరులో గాలి పోతోందేమోనని నాలుగు టైర్లూ కాలితో తన్ని చూసింది. బాగానే ఉన్నాయి. వేళ్ళు పెట్టింది. నాలుగే.

రెండు ప్రయాణాలు ఊళ్ళోనే, ఈ పేట నుంచి ఆ పేటకి, నత్తనడకన జరిగిపోయాయి. మూడోది కొండ దాటి అవతలి ఊరికి.

మధ్యాహ్నం మూడింటికి కొండ ఎక్కి దిగుతున్నారు. పాత లారీ యాభై దాటితే ఒళ్ళంతా గజగజలాడేది, మనిషికి తెలిసేది. ఈ కారు ఎనభైలో కూడా ఉయ్యాలలా పోతోంది. కొలతక్కకు కునుకు కూడా పట్టింది. ఉన్నట్టుండి ఎవరో నడుం పట్టుకుని పక్కకి తోసినట్టయింది. కళ్ళు తెరిచి పక్కనున్న అద్దంలో చూసింది. ట్రైలరు ఎడమవైపు పూర్తిగా కనిపిస్తోంది. మరుక్షణం మాయమైంది. మళ్ళీ కనిపించింది, ఈసారి ఇంకా ఎక్కువగా. కారు వెనక భాగం దాంతో పాటే కొట్టుకుంటోంది.

"బ్రేకు!" అని కేకపెట్టింది. "తొక్కవయ్యా! బ్రేకు తొక్కు!"

ఆయన తొక్కలేదు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగును రెండు చేతులతో బిగబట్టి, కళ్ళు ముందుకే పెట్టి కూర్చున్నాడు. ఆమె అరుస్తూనే ఉంది. ఎదురుగా వస్తున్న బస్సు హారను మోగిస్తూ అంచుకి జరిగిపోయింది. ట్రైలరు ఇంకో నాలుగుసార్లు ఊగి, ఊగి, వేగం తగ్గేకొద్దీ నెమ్మదించింది. వాలు తేలికైన చోట ఆయన బండిని రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

ఆమె ముందు దిగింది.  తిన్నగా వెనక టైరు దగ్గరికి వెళ్ళి వేళ్ళు పెట్టింది. నాలుగు.

"నా కొలతలో తప్పేం లేదు" అని రోడ్డంతా వినపడేలా అంది. "నువ్వే! దొరవై పోయి గాల్లో తోలావు. నిండు ప్రాణాలు తీసేవాడివి!"

 ఆయన రోడ్డు అంచునున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు.  పంతొమ్మిదో ఏట స్టీరింగు పట్టిన చేతులు.

"నా పనైపోయిందే" అన్నాడు కాసేపటికి. "బండిది తప్పు కాదు, నీదీ కాదు. నా చేతుల్లోనే పస పోయింది. ఇవాళ దేవుడు కాశాడు. ఈ ఊళ్ళోనే ఎవరికైనా రాట్నం అమ్మేద్దాం. నేనిక తోలను."

 తిడితే పడే మనిషి, తిట్టిన మాటను నిజమని నమ్మేస్తే ఏం చెయ్యాలి? బండి తోలడం తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు. రాట్నం తప్ప వాళ్ళకి ఇంకో ఇల్లు కూడా లేదు.

ఏం చెయ్యాలో తోచక ట్రైలరు కొక్కెం దగ్గరికి వెళ్ళింది. ఊగుతున్నప్పుడు అక్కడ ఇనుము టంగుటంగుమని కొట్టుకోవడం విన్నది. అరిగిందేమో చూద్దామని చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, గొలుసులు వదులు చేసి, కొక్కెం మీట ఎత్తింది.

ట్రైలరు ముక్కు తనంతట తానే పైకి లేచింది. జానెడు లేచి, గాల్లో ఊగుతూ నిలబడింది.

నిండు ట్రైలరు ముక్కు ఎత్తాలంటే ఇద్దరు మగవాళ్ళు మూలగాలి. కొలతక్క దాని మీద ఒక్క అరచెయ్యి పెట్టి నొక్కింది. చంటిపిల్ల తలలా కిందికి వంగింది. తీసేసింది. మళ్ళీ లేచింది. ఈలోగా కారు కింద నుంచి సుయ్‌మని చప్పుడు. వెళ్ళి వేళ్ళు పెట్టింది. ట్రైలరు లేదు, బరువు లేదు, ఏమీ లేదు. అయినా నాలుగే.

బరువేసినా అదే సర్దుకుంటుందట. మొగుడు అద్దం తుడుస్తూ అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. బరువు పెరిగితే గాలి నింపుకుని లేచి, తగ్గితే వదిలి దిగి, ఆ బండి ఎప్పుడూ ఒకే ఎత్తున నిలబడుతోంది. తను ఇన్నాళ్ళూ కొలిచింది ట్రైలరును కాదు, బండి మర్యాదను. జనరేటరంత బరువును తోకకి కట్టి, సరిగ్గా ఉందని మొగుణ్ణి కొండ మీంచి తోసింది.

ఆయన ఇటు చూడటం లేదు. చూసినవాళ్ళే లేరు. జనరేటరును ఎలాగో ముందుకు దొర్లించి, కొక్కెం వదులైందని చెబితే సరిపోతుంది. లేదా బండి మంచిది కాదంటే పోతుంది, బండికి నోరు లేదు కదా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే ఖర్మ ఆమెకెందుకు? కానీ ఏం చెప్పినా ఆ మనిషి తన చేతుల్నే అనుమానిస్తాడు. ఆ చేతులు తనను కాపాడి ఇంకా పావుగంట కాలేదు.

కొలతక్క వెళ్ళి ఆయన పక్కన దిమ్మ మీద కూర్చుంది.

"ఏమయ్యా, తప్పు నాది" అంది.

ఆయన వినపడనట్టు చూశాడు. ఆ మాట ఆ నోట్లోంచి ఆయన ఎప్పుడూ వినలేదు.

"వెనక బరువెక్కువైంది. జనరేటరు అక్కడ పెట్టకూడదు. ఈ బండి దగ్గర నా వేళ్ళు పనికిరావు, ఉత్తప్పుడూ నాలుగే చూపిస్తోంది. వచ్చి చూసుకో కావాలంటే. బ్రేకు తొక్కమని అరిచింది కూడా తప్పే. తొక్కి ఉంటే ఈపాటికి లోయలో ఉండేవాళ్ళం. నీ చేతులకేం కాలేదు. నీ చేతుల వల్లే కూర్చున్నాం ఇక్కడ." అంతదాకా గబగబా చెప్పి, ఇక ఆపుకోలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

 ఆయన మెల్లగా అన్నాడు. "మైదానం గేటు దాటిన దగ్గర్నుంచీ నాకు తేడాగానే ఉందే. వెనక ఏదో నిలకడ లేనట్టు."

ఆమె కొంగు తీసేసింది. "మరి చెప్పవేం? నోట్లో ఏముంది నీకు?"

"నీ వేళ్ళు నాలుగన్నాక నేనేం చెప్పను? పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పాను. నువ్వు తోలు, కొలిచేది నేను అన్నావు." ఆయన గొంతులో కోపం లేదు. "అప్పట్నుంచి అడగలేదు నువ్వు. నేనూ చెప్పలేదు."

ముప్పై ఏళ్ళు ఒకే సీటులో పక్కపక్కన కూర్చున్నారు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన చేతులకు ఇంకా ఏమేం తెలిసి ఊరుకున్నాయో తలచుకుంటే ఆమెకు సిగ్గేసింది, భయమూ వేసింది.

ఇద్దరూ లేచి ట్రైలరు తలుపు తీశారు. నాలుగు గుర్రాలను రోడ్డు పక్కన నిలబెట్టి, పలకలు పరిచి, జనరేటరును ఇంచి ఇంచి చొప్పున ఇరుసుల దాకా జరిపారు. పోయే లారీలవాళ్ళు గుర్రాలను చూసి నవ్వుతూ పోయారు. గుర్రాలెక్కించాక ముక్కు ఎత్తి చూస్తే, ఇద్దరూ పళ్ళు బిగిస్తే గానీ లేవలేదు. తగిలించి, గొలుసులు వేసి ఎక్కారు. స్టీరింగు ముందు ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, చూడనట్టే కూర్చుంది. ఆయన తాళం తిప్పాడు.

వాలంతా నలభైలో దిగారు. ఒక మైలు పోయాక కొలతక్క గొంతు సవరించుకుంది.

"ఎలా ఉంది నీ చేతులకి?"

 ఆయన ఒక మలుపు తిప్పి, ఇంకొకటి తిప్పి, అప్పుడన్నాడు. "ఇందాకటి కంటే నయం. కానీ వెనక ఇంకా కాస్త తేలుతున్నట్టే ఉందే." అని ఆమె మొహం కేసి భయంగా చూశాడు. "కోపం వచ్చిందా?"

"వచ్చింది" అంది కొలతక్క, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటూ. "ముందు బండి పక్కకి ఆపు. మళ్ళీ సర్దుదాం."